సాయం లేకుండా సబ్మిట్ దాకా: ఒక తెలుగు దరఖాస్తు ఫారం ప్రాజెక్టు డైరీ

జూన్ 2025, మొదటి వారం

హనుమకొండలో మా చిన్న టీమ్‌కి మంచి పని దొరికింది. ఇంటర్, డిగ్రీ చదివే దివ్యాంగ విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఇచ్చే ఒక ట్రస్టు ఇన్నాళ్లూ కాగితం మీద తీసుకున్న దరఖాస్తుల్ని ఈ ఏడాది నుంచి వెబ్‌లో తీసుకోబోతోంది. ఆ ఫారం మేం తయారు చేయాలి. తెలుగులో ఉండాలి, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ పనిచేయాలి. మేం అడిగి ఒప్పించుకున్నది ఇంకొకటి ఉంది. ఫారం తయారవుతుండగానే దాన్ని వాడబోయేవాళ్లతో కూర్చుని పరీక్షిస్తాం, ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎందుకో రాసిపెడతాం. ఈ డైరీ అందుకే.

తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. చూపు లేనివాళ్లు, మసక చూపు ఉన్నవాళ్లు, చేతులు స్వాధీనంలో లేనివాళ్లు, వినపడనివాళ్లు ఈ ఫారాన్ని మొదటి గడి నుంచి సబ్మిట్ దాకా పక్కవాళ్ల సాయం లేకుండా నింపగలరా?

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇప్పుడు జరుగుతున్నది ఇదీ. చూపు లేని అబ్బాయి నెట్ సెంటర్‌కి వెళ్తాడు. ఆధార్ కార్డు, బ్యాంక్ పాస్‌బుక్, ఫోన్ మూడూ కౌంటర్ దగ్గరి మనిషి చేతిలో పెడతాడు. ఓటీపీ వస్తే ఆ మనిషే చదువుతాడు, ఆ మనిషే కొడతాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టాడో కూడా ఆ మనిషికే తెలుసు. సెంటర్ నడిపేవాళ్లలో చాలామంది మంచివాళ్లే. అయినా తన బ్యాంక్ వివరాలు తానే కొట్టుకునే వీలు మిగతా అందరికీ ఉన్నప్పుడు అతనికి ఎందుకు ఉండకూడదు?

చట్టం కూడా అతని వైపే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 42వ సెక్షన్‌లో, ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. ఈ ఏడాది ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్లు వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. కళ్లు ఆర్పి చూపించమని అడిగే కేవైసీ, కనురెప్పలు కాలిపోయిన మనిషిని ఏం చేయమంటుంది? ఆ కేసు వివరాలు చదివాక మా ఫారంలో ఫొటో భాగం ఎలా ఉండాలో చాలాసేపు మాట్లాడుకున్నాం.

జూన్, రెండో వారం

మొదటి నమూనా తయారైంది. దివ్యాంగులకి అడ్డుపడే లోపాల్ని పేజీలో వెతికిపట్టే యాక్స్, వేవ్ అనే రెండు టూల్స్‌తోనూ స్కాన్ చేశాం. ఈ టూల్స్ పట్టేవి చాలావరకు అందరికీ తెలిసిన లోపాలే: అక్షరాలకీ వెనక రంగుకీ తేడా చాలకపోవడం, బొమ్మలకి వివరణ లేకపోవడం, గడులకి లేబుల్ లేకపోవడం, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, పేజీ ఏ భాషలో ఉందో చెప్పకపోవడం. ఇవి చిన్నవేం కాదు. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్‌పేజీల్ని స్కాన్ చేస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో ఇలాంటి లోపాలు దొరికాయి. కాబట్టి స్కాన్ మానేయకూడదు.

కానీ స్కాన్ దగ్గరే ఆగకూడదని చెప్పే లెక్క కూడా ఒకటుంది. 2012లో బ్రిటన్‌లోని యార్క్ యూనివర్సిటీ పరిశోధకులు చూపు లేని 32 మందిని 16 వెబ్‌సైట్లు వాడమని అడిగారు. బయటపడిన సమస్యలు 1,383. వాటిలో డబ్ల్యూసీఏజీ 2.0 (వెబ్ పేజీలు దివ్యాంగులకీ అందేలా ఉండటానికి పెట్టిన అంతర్జాతీయ నియమాలు) పరిధిలోకి వచ్చినవి 50.4 శాతమే. అంటే దాదాపు సగం ఇబ్బందుల గురించి ఏ నియమమూ మాట్లాడలేదు. టూల్స్ చూసేది ఆ నియమాల్లో కొన్నింటినే.

మా నమూనా స్కాన్‌లో శుభ్రంగా పాసైంది. అసలు పని ఇక్కడి నుంచే మొదలు.

జూన్ చివర

చూపు లేని డిగ్రీ విద్యార్థులతో మొదటి విడత. ఎవరి ల్యాప్‌టాప్, ఎవరి ఫోన్ వాళ్లనే తెచ్చుకోమన్నాం. ఇందులో రాజీ పడకూడదని నా అభిప్రాయం. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్‌ని స్క్రీన్ రీడర్ అంటారు. దాని గొంతు, వేగం, షార్ట్‌కట్‌లు ఏళ్ల తరబడి వాళ్లు దిద్దుకున్నవి. మన మెషిన్ మీద కూర్చోబెడితే మనం చూసేది మన మెషిన్‌తో వాళ్ల తిప్పల్నే.

ల్యాప్‌టాప్‌ల మీద ఎక్కువగా ఎన్‌వీడీఏ ఉంది. ఆస్ట్రేలియాకి చెందిన మైఖేల్ కర్రన్, జేమ్స్ టే అనే చూపు లేని ఇద్దరు ప్రోగ్రామర్లు మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ అది. 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది. అందులో వచ్చే ఈస్పీక్ గొంతుకి తెలుగు కూడా వచ్చు. ఫోన్లలో అయితే టాక్‌బ్యాక్, ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్.

అందరికంటే వేగంగా వినే అబ్బాయి పెట్టుకున్న స్పీడ్‌లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను మాత్రం పేజీ తెరవగానే హెచ్ నొక్కుతూ హెడింగ్‌లన్నీ చుట్టివచ్చి, ఫారం ఎంత పొడవుందో నాకు చెప్పేశాడు. చూపున్నవాళ్లు కళ్లతో చేసే పని అతను హెడింగ్‌లతో చేస్తాడు. హెడింగ్‌ని కేవలం పెద్ద అక్షరాలతో రాసి వదిలేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

భాష సంగతి ఇక్కడే తేలింది. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని చెప్పే మాట ఒకటి ఉంటుంది. అది ఉంటే, ఇంగ్లిష్ గొంతు పెట్టుకున్న మెషిన్ కూడా, దానికి తెలుగు వచ్చి ఉంటే, మా పేజీ రాగానే తెలుగుకి మారుతుంది. పోల్చి చూడటానికి అది తీసేసిన కాపీ ఒకటి పెట్టుకున్నాం. తెలుగు రాని గొంతు ఉన్న మెషిన్ మీద ఆ కాపీ తెరిస్తే అంకెలు, ఇంగ్లిష్ ముక్కలు మాత్రం చదివింది. తెలుగంతా నిశ్శబ్దం. తెర మీద మాత్రం రెండు పేజీలూ ఒకేలా ఉన్నాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. వాక్యం మధ్యలో వచ్చే ప్రతి ఇంగ్లిష్ మాటకీ ఇది ఇంగ్లిష్ అని కోడ్‌లో గుర్తు పెట్టి చూశాం. ఎవరికీ నచ్చలేదు. "మాట మాటకీ మనిషి మారినట్టుంది మేడం" అంది ఒకమ్మాయి. గొంతు మారినప్పుడల్లా చిన్న విరామం, ఆ విరామంలో వాక్యం చెదిరిపోతుంది. డబ్ల్యూసీఏజీ కూడా వాడుకలో కలిసిపోయిన మాటలకి ఈ గుర్తు అక్కర్లేదనే అంటుంది. బ్యాంక్ అకౌంట్, సర్టిఫికెట్ లాంటివన్నీ తెలుగు లిపిలో రాసి ఆ గుర్తులు తీసేశాం. ఇప్పుడు సాఫీగా చదువుతోంది.

జూలై, మొదటి వారం

ఈ వారమంతా ఒకే ఒక్క భాగం మీద గడిచింది: జిల్లా, మండలం, గ్రామం.

తెలుగు రాష్ట్రాల్లో ఏ ఆన్‌లైన్ ఫారం చూసినా ఈ మూడు డ్రాప్‌డౌన్‌లు ఉంటాయి. జిల్లా ఎంచుకుంటే మండలాలు వస్తాయి, మండలం ఎంచుకుంటే గ్రామాలు వస్తాయి. ఈ మామూలు పద్ధతి ఎక్కడ విరుగుతుందో చూడాలని అచ్చం అలాగే ఒక నమూనా పెట్టాం.

మొదటి చిక్కు. విండోస్‌లో మూసి ఉన్న డ్రాప్‌డౌన్ మీద కింది బాణం నొక్కితే ఎంపిక అప్పటికప్పుడే మారుతుంది. అంటే ఒక్కో జిల్లా పేరు వింటూ కిందికి దిగుతుంటే, ప్రతి జిల్లాకీ పేజీ వెళ్లి మండలాలు తెచ్చుకుంటూ ఉంటుంది. నెట్ నెమ్మదిగా ఉంటే, ఆగిన జిల్లా ఒకటి, మండలాల జాబితా ఇంకో జిల్లాది. కంటితో చూసేవాళ్లు గుర్తుపడతారు. వినేవాళ్లకి మండలం గడిలోకి వెళ్లాక గానీ తెలియదు.

రెండోది, జాబితా నిండినప్పుడు శబ్దమేమీ రాదు. మండలాలు వచ్చాయో లేదో తెలియక ఒక విద్యార్థి ఖాళీ జాబితాలోకి వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాడు.

మూడోది నన్ను బాగా ఆలోచింపజేసింది. ఇంగ్లిష్ జాబితాలో హెచ్ నొక్కితే హైదరాబాద్ దగ్గరికి దూకొచ్చు. జాబితా తెలుగులో ఉంటే కీబోర్డ్ మీద ఏ అక్షరం నొక్కినా కదలదు, ఎందుకంటే వాళ్ల చేతికింద ఉన్నది ఇంగ్లిష్ కీబోర్డ్. తెలంగాణలో 33 జిల్లాలు. అకారాది క్రమంలో హనుమకొండ, హైదరాబాద్ అట్టడుగున ఉంటాయి. మా ఊరి పిల్లలు జాబితా మొత్తం విని చివరికి రావాలి. తెలుగులో ఇవ్వాలని మనం పడ్డ శ్రద్ధే వాళ్లకి దూరం పెంచుతోంది. నేను చదివిన ఏ మార్గదర్శకాల్లోనూ ఈ సంగతి కనిపించలేదు. మన భాషలో ఫారాలు చేసేవాళ్లు మనంతట మనమే చూసుకోవాల్సినవి ఇలాంటివే.

టైప్ చేస్తుంటే పేర్లు సూచించే గడి పెడదామా అని మొదట అనుకున్నాం. రోమన్ అక్షరాల్లో కొట్టినా తెలుగు పేరు దొరికేలా చేయొచ్చు. కానీ ఆ రకం గడి అన్ని స్క్రీన్ రీడర్లలో ఒకేలా పలకదు, ఫోన్లలో మరీ ఇబ్బంది. చివరికి దారి పిన్‌కోడ్‌లో దొరికింది. 1972 ఆగస్టు 15 నుంచి మన చిరునామాల్లో ఉన్న ఆరు అంకెలు. విద్యార్థి పిన్‌కోడ్ కొడతాడు. "ఊర్లు వచ్చాయి, కింద ఉన్నాయి" అని స్క్రీన్ రీడర్‌కి వినపడేలా ఒక సందేశం వెళ్తుంది. ఆ పిన్ కిందికి వచ్చే ఊర్లు, పక్కన మండలం పేరుతో, రేడియో బటన్లుగా (ఒక్కదాన్నే ఎంచుకునే గుండ్రని బటన్లు) వస్తాయి. ఒకే పిన్ కింద రెండు మండలాల ఊర్లు ఉండొచ్చు కాబట్టి మండలాన్ని ఊరి నుంచే తీసుకుంటున్నాం. ఊరు జాబితాలో లేకపోతే తానే రాసుకునే గడి చివర్లో ఉంది.

మూడు డ్రాప్‌డౌన్‌ల దగ్గర ఆగిపోయినవాళ్లు దీన్ని అలవోకగా దాటారు. చూపున్న మా టీమ్ వాళ్లకి కూడా ఇదే తేలికగా ఉంది.

జూలై, చివరి వారం

ఈ వారం సంగతులు చాలా ఉన్నాయి, గబగబా రాస్తున్నాను.

నింపేది మనిషేనా అని తేల్చడానికి పెట్టే క్యాప్చా వంకర అక్షరాలు వద్దని ముందే అనుకున్నాం. ఫోన్ నంబర్‌కి ఓటీపీ వెళ్తున్నప్పుడు అది ఎందుకు? డబ్ల్యూసీఏజీ 2.2, 2023 అక్టోబర్‌లో వచ్చినది, లాగిన్‌లో ఇలా బుర్రకి పరీక్ష పెట్టడం తగదని చెప్పే నియమం కొత్తగా చేర్చింది.

ఓటీపీ మాత్రం సులువుగా తెగలేదు. ఒకే ఫోన్ మీద ఫారం నింపుతూ, మెసేజ్‌లోకి వెళ్లి అంకెలు విని, గుర్తుపెట్టుకుని, బ్రౌజర్‌కి తిరిగి రావాలి. వచ్చేసరికి కొన్ని పాత ఫోన్లలో పేజీ మళ్లీ లోడ్ అవుతుంది. ఆ గడికి ఇది ఓటీపీ గడి అని కోడ్‌లో చెబితే కీబోర్డే అంకెల్ని పైన చూపించే ఫోన్లు ఉన్నాయి. అది పెట్టాం. ప్రతి గడి నింపగానే డ్రాఫ్ట్‌గా సేవ్ అయ్యేలా చేశాం. పేజీ పోయినా రాసింది పోదు. ఓటీపీ గడువు పెంచాం. "టైమ్ అయిపోతుందేమో అన్న టెన్షన్‌లోనే తప్పు కొట్టేస్తాను అక్కా" అని ఒక ఇంటర్ విద్యార్థి చెప్పింది. మళ్లీ వచ్చినప్పుడు తానే తీరిగ్గా పూర్తి చేసింది.

బ్యాంక్ బ్రాంచ్‌ని గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు ఉంటాయి, ఐదోది ఎప్పుడూ సున్నానే. పాస్‌బుక్‌లో ఉన్నది ఎవరో చదివి చెబితే సున్నాని "ఓ" అని చెబుతారు, విన్నవాళ్లు ఓ అక్షరమే కొడతారు. ఇది తప్పు అని ఎర్రగా చూపించే బదులు ఫారమే దాన్ని సున్నాగా మార్చుకుంటోంది. చిన్న అక్షరాలు కొట్టినా పెద్దవిగా మారుస్తోంది. తర్వాత బ్యాంక్ పేరు, బ్రాంచ్ పేరు చదివి వినిపిస్తుంది. ఆ బ్రాంచ్ పేరు విన్నప్పుడు వాళ్లకి నమ్మకం కలుగుతోంది.

ఆధార్ 12 అంకెల్ని ఆఖరి పేజీలో కలిపి చూపిస్తే గొంతు దాన్ని పెద్ద సంఖ్యలా చదివేసింది. నాలుగు నాలుగుగా విడదీశాం.

ఫొటో సైజు ఇంత కేబీ లోపల ఉండాలన్న షరతు తీసేశాం. తగ్గించడం మెషిన్ పని, అదే చేస్తుంది. కళ్లు ఆర్పమనడం, తల తిప్పమనడం లేవు. సంతకం చేసి స్కాన్ చేయాలన్న షరతు మీద ట్రస్టు వాళ్లు కొంత తటపటాయించారు. వేలిముద్ర వేసేవాళ్లు ఉన్నారని గుర్తుచేశాక, వేలిముద్ర ఫొటో కూడా ఒప్పుకున్నారు.

ఆగస్టు

మసక చూపు ఉన్నవాళ్లతో విడత. ఇక్కడ తెలుగు అక్షరమే అసలు విషయం.

వీళ్లలో చాలామంది స్క్రీన్ రీడర్ వాడరు. పేజీని నాలుగు రెట్లు పెద్దది చేసుకుని, ముఖం తెరకి ఆనించి చదువుతారు. 400 శాతం పెంచినా పక్కకి జరపక్కర్లేకుండా పేజీ ఒకే నిలువు వరుసలో సర్దుకోవాలని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 చెబుతుంది. అది మా ఫారంలో బాగానే పనిచేసింది. దెబ్బతిన్నది ఒత్తుల దగ్గర.

"రాష్ట్రం" అన్న మాట చూడండి. ష కింద ట ఒత్తు, దానికి తోడు ర ఒత్తు. బటన్లకీ గడులకీ డిజైన్ వ్యవస్థలు ఇచ్చే ఎత్తు ఇంగ్లిష్ అక్షరాన్ని మనసులో పెట్టుకుని ఇచ్చింది. అక్షరాన్ని పెద్దది చేస్తే కింది ఒత్తు అంచుకి తగిలి కోసుకుపోతుంది. పైన గుడి, గుడిదీర్ఘం తేడా కూడా అలాగే పోతుంది. చూపు బాగున్నవాళ్లు మాటని ఊహించి చదివేస్తారు, తెగిన సంగతి గమనించరు. మసక చూపుతో ఒక్కో అక్షరం కూడబలుక్కునే మనిషికి ఆ ఊహ అందదు. ఎత్తు నిర్ణయించే కొలతలన్నీ తీసేసి, అక్షరం ఎంత ఉంటే గడి అంత పెరిగేలా మార్చాం. వరుసకీ వరుసకీ మధ్య ఎడం కూడా పెంచాం.

ప, ఫ మధ్య తేడా కింద ఒక చిన్న గీత. ద, ధ మధ్య కూడా అంతే. సన్నని ఫాంట్‌లో, లేత బూడిద రంగులో ఆ గీత కరిగిపోతుంది. మామూలు సైజు అక్షరాలకి రంగు తేడా కనీసం 4.5కి 1 ఉండాలని నియమం. తెలుగుకి అది చాలదని ఈ విడతలో కూర్చున్నాక నాకు గట్టిగా అనిపించింది. లేబుల్స్ అన్నింటికీ 7కి 1 పెట్టాం, అంటే అన్నింటికంటే పై స్థాయి. తెలుగు ఫాంట్ సైజుని పక్కనున్న ఇంగ్లిష్ కంటే కాస్త పెద్దదిగా ఉంచాం. గడి లోపల లేతగా రాసి, టైప్ చేయగానే మాయమయ్యే సూచనలు పూర్తిగా తీసేశాం. ప్రశ్న ఎప్పుడూ గడి పైనే ఉంటుంది.

తప్పుల దగ్గర ఎర్ర అంచు ఒక్కటే ఉంటే అందరికీ తెలియదు. పేజీ పైన "రెండు గడులు సరిచేయాలి" అని వస్తుంది, ఫోకస్, అంటే స్క్రీన్ రీడర్ చదివే చోటు, అక్కడికే వెళ్తుంది, కింద ఆ గడుల పేర్లు లింకులుగా ఉంటాయి. ఏం తప్పో గడి పక్కన మాటల్లో ఉంటుంది.

ఆగస్టు చివర

సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒకమ్మాయి ఫోన్‌ని బల్ల మీద ఆనించి ఒక వేలి కణుపుతో నొక్కుతుంది. నొక్కాల్సిన చోటు కనీసం 24 పిక్సెళ్లు ఉంటే చాలని డబ్ల్యూసీఏజీ 2.2 అంటుంది. ఆమెకి అది చాలదు. 48 పెట్టాం, బటన్ల మధ్య ఖాళీ పెంచాం. పుట్టిన తేదీకి క్యాలెండర్ తీసి మూడు గడులు పెట్టాం. 2006కి వెళ్లడానికి నెలలు వెనక్కి తిప్పుకుంటూ పోవడం ఎవరికైనా విసుగే.

వినపడని విద్యార్థులకి ఫారం నింపడం కష్టం కాదని అనుకునేవాళ్లు ఉన్నారు. కళ్లు ఉన్నాయి కదా అంటారు. చిన్నప్పటి నుంచి సైగల భాషలో పెరిగిన చాలామందికి రాత తెలుగు రెండో భాష. "దరఖాస్తుదారుని కుటుంబ వార్షికాదాయ ధ్రువీకరణ పత్రమును జతపరచవలెను" అన్న వాక్యం దగ్గర వాళ్లు ఆగారు. "మీ కుటుంబ ఆదాయ సర్టిఫికెట్ ఫొటో ఇక్కడ పెట్టండి" అని మార్చాం. కాగితం ఫారంలోని వాక్యాలన్నీ ఇలాగే తిరగరాశాం. ట్రస్టు ఆఫీసులో పెద్దాయన ఒకరు ఇది మర్యాదగా ఉందా అని అడిగారు, చదివి చూసి ఒప్పుకున్నారు. సాయం కోసం ఫోన్ నంబర్ ఒక్కటే ఇస్తే వినపడనివాళ్లకి అందదు కాబట్టి వాట్సాప్ మెసేజ్ కూడా పెట్టాం. సూచనల వీడియోకి తెలుగు క్యాప్షన్లు, పక్కన భారతీయ సైగల భాషలో చెప్పే మనిషి ఉంటారు.

సెప్టెంబర్

కొలిచే పద్ధతి గురించి రాయాలి.

వాడటానికి ఎంత సులువో చూసే యూజబిలిటీ పరీక్షల్లో "మనసులో అనుకునేది పైకి చెబుతూ వాడండి" అంటారు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల దగ్గర ఇది కుదరదు. వాళ్లు చెవితో చదువుతున్నారు, అదే సమయంలో మాట్లాడమంటే చదవడం ఆగిపోతుంది. పని అయ్యాక, రికార్డింగ్ వింటూ, ఎక్కడ ఆగారో అక్కడ అడిగాం.

1986లో జాన్ బ్రూక్ తయారు చేసిన ఎస్‌యూఎస్ కూడా వాడి చూశాం, వాడటం ఎంత సులువో కొలిచే పది వాక్యాల ప్రశ్నావళి అది. అందులో ఒక వాక్యం మెచ్చుకుంటే తర్వాతిది తప్పుపడుతుంది. చదివి వినిపించినప్పుడు "గజిబిజిగా ఉంది అన్నదాన్ని ఒప్పుకోను" అని చెప్పడంలో చాలామంది తికమకపడ్డారు. పైగా మన దగ్గర ఇంటికొచ్చిన అతిథిని నొప్పించినట్టు ఉంటుందని "బాగానే ఉందండి" అనేస్తారు. అందుకే నేను ఎక్కువ నమ్మింది రెండు సంగతుల్ని. సాయం అడగకుండా సబ్మిట్ చేశారా లేదా? ఇంకోసారి ఇదే ఫారం నింపాల్సి వస్తే ఇంట్లో ఒంటరిగా నింపుతారా, నెట్ సెంటర్‌కి వెళ్తారా? రెండో ప్రశ్నకి మర్యాద కోసం జవాబు చెప్పరు. ఆలోచించి చెబుతారు. వచ్చినవాళ్లందరికీ వాళ్ల సమయానికి డబ్బు ఇచ్చాం. ఇది వాళ్ల నైపుణ్యం, ఉచితంగా తీసుకునేది కాదు.

నియమావళి పీడీఎఫ్ ఒకటి మిగిలిపోయింది. పాత డీటీపీ ఫాంట్‌లో టైప్ చేసింది. తెర మీద తెలుగే, కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు. స్క్రీన్ రీడర్ చదివేది ఆ గుర్తుల్నే. దాన్ని యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేసి మామూలు వెబ్ పేజీగా పెట్టాం. పీడీఎఫ్ కావాలన్నవాళ్లు ఆ పేజీ నుంచి ప్రింట్ తీసుకోవచ్చు.

ఫారం అక్టోబర్‌లో తెరుస్తున్నాం. ఈలోగా తేలాల్సింది ఒకటుంది. చూపు, వినికిడి రెండూ లేని విద్యార్థి ఒకరు ఈసారి దరఖాస్తు చేస్తారని ట్రస్టు చెప్పింది. మేం వినిపించే సందేశాలన్నీ అతనికి వేళ్ల కింద బ్రెయిలీ చుక్కలుగా అందాలి. పిన్‌కోడ్ కొట్టగానే వచ్చే "ఊర్లు వచ్చాయి" అన్న మాట బ్రెయిలీ డిస్‌ప్లే మీద కాసేపు మెరిసి పోతుందా, చదివేదాకా నిలుస్తుందా చూడాలి. పోతే, ఆ సందేశాన్ని పేజీలోనే ఊర్ల జాబితా పైన వాక్యంగా ఉంచి, ఫోకస్ అక్కడికి పంపాలి. డిస్‌ప్లే అరువు దొరికింది, సోమవారం చేతికి వస్తుంది. ఎన్‌వీడీఏలో తెలుగు బ్రెయిలీ పట్టిక పెట్టి ఉంచాను. అతనూ, సైగలు చేతిలో పెట్టి చెప్పే వాళ్ల అక్కా బుధవారం వస్తున్నారు.